ఎర్రన్న చెయ్యి అంత వెండి చెయ్యి

రోజూ తెల్లవారకముందే లేచి, ముఖం కడుక్కుని, బంగారమ్మ తల్లి గుడి ముందు నిలబడి నిన్నటి సంగతులన్నీ ఆవిడకు చెప్పుకోవడం తవిటమ్మకు అలవాటు. గుడి అంటే గోపురాల గుడి కాదు. దిబ్బలపాలెం రేవు పక్కన ఇసుక మిట్ట మీద ఒక సిమెంటు గది, దానికి ఇనప ఊచల తలుపు, లోపల పసుపు పూసిన రాతి తల్లి. తవిటమ్మ అక్కడ కళ్ళు మూసుకుని కోరికలు కోరేది కాదు. పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది.

"ఏటి తల్లీ, లేసినావా? నిన్న నర్సన్నపేటలో ఎండు నెత్తళ్ళు బాగానే పోనాయి. ఆటోలో ఎవలో సదువుకున్న గుంట లేసి నాకు సీటిచ్చినాది. గంప వాసనకి ముక్కయినా ముయ్యనేదు. దాని కడుపు సల్లగుండాల."

అంత చెప్పి, గడపకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకుని, అప్పుడు ఎండుచేపల గంప ఎత్తుకునేది. పెళ్ళయి ఆ ఊరు వచ్చిన నాటినుంచీ అంతే. వాన కురిసినా, ఒంట్లో బాగులేకపోయినా ఆ నాలుగు మాటలూ చెప్పందే ఆమెకు రోజు మొదలైనట్టుండేది కాదు.

అలాంటి మనిషికి ఆ ఏడాది ఒక సంగతి మాత్రం తల్లితో ఎలా చెప్పాలో తెలియలేదు. దణ్ణం పెట్టి చెప్పాలా, దెబ్బలాడి చెప్పాలా? నోరు తెరిచేది, మళ్ళీ మూసేది. ఆ సంగతి ఆమె మొగుడు ఎర్రన్న కుడిచెయ్యి.

రెండువేల పదమూడులో తుపాను వస్తోందని రేడియోలో చెప్పినప్పుడు ఊరంతా రేవుకు పరుగెత్తి పడవలు పైకి లాగారు. కింద తాటిదుంగలు వేసి, తాళ్ళు కట్టి, హైలెస్సా అంటూ లాగుతుంటే తడి ఇసుకలో ఒక పడవ పక్కకు ఒరిగింది. దుంగ జారింది. దుంగకూ పడవకూ మధ్య ఎర్రన్న చెయ్యి పడింది. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి, మధ్య మూడు వేళ్ళూ తీసెయ్యాల్సి రావచ్చు, రేపు చూద్దాం అన్నాడు.

ఆ రాత్రంతా తవిటమ్మ వరండాలో కూర్చుంది. గదులు తుడిచే ఆవిడ ఎవరో వచ్చి, ఏమీ అడక్కుండానే తన చాప తెచ్చి పరిచి వెళ్ళిపోయింది. ఆ చాప మీద కూర్చునే తవిటమ్మ మొక్కుకుంది. "తల్లీ, ఆయన వేళ్ళు ఆయనకే ఉంచు. నా సేతుల్తో నానే సేసి, ఆయన సెయ్యి అంత ఎండి సెయ్యి నీ ముందలెడతాను."

మర్నాడు డాక్టరు వేళ్ళు తియ్యనక్కరలేదన్నాడు. తవిటమ్మ ఆసుపత్రి గచ్చు మీదే సాగిలపడింది.

కానీ నెల గడిచి కట్లు విప్పాక చూస్తే, ఆ మూడు వేళ్ళూ లోపలికి వంగి గాలాల్లా బిగిసిపోయి ఉన్నాయి. తెరుచుకోవు, పూర్తిగా మూసుకోవు. వల పట్టలేడు, తాడు లాగలేడు. ఎర్రన్న ఆ చెయ్యి ఎవరికంటా పడనివ్వలేదు. ఎప్పుడూ దాని మీద తువ్వాలు కప్పి ఉండేది. ఎడంచేత్తో, స్పూనుతో, గోడవైపు తిరిగి అన్నం తినేవాడు. పడవలో తోడుండే ఎల్లాజీ వచ్చి "ఏటి బావా, సెయ్యెలాగున్నాది?" అంటే, "ఉన్నాది" అని ఊరుకునేవాడు.

తవిటమ్మకు అర్థం కానిదల్లా ఇదే. వేళ్ళు ఉంచమంది, తల్లి ఉంచింది. అడిగింది ఇచ్చింది. మరి ఇచ్చినట్టు ఎందుకు లేదు? ఇవ్వలేదు అందామంటే, అయిదు వేళ్ళూ లెక్కకు ఉన్నాయాయె. తల్లిని తప్పుపట్టడానికి నోరు రాదు, మెచ్చుకోవడానికి మనసు రాదు. ఏదేమైనా మొక్కు మొక్కే. వైశాఖంలో తల్లి సంబరంనాటికి చెల్లించెయ్యాలనుకుంది.

నరసన్నపేటలో వెండికొట్టుకు వెళ్తే షావుకారు చిన్న చిన్న రేకు బిళ్ళలు గల్లా మీద పోశాడు. కళ్ళు, కాళ్ళు, చేతులు, ఊయల, ఇల్లు. అన్నీ మిషను అచ్చు. చేతులైతే నెలల పిల్లల చేతులంత ఉన్నాయి.

"మా ఆయన సెయ్యి అంత గావాల బాబూ. నానే సెయ్యాల."

"నువ్వే చేస్తావా? వెండి చెయ్యి?" షావుకారు నవ్వాడు. అయితే మంచివాడు. నవ్వేసి ఊరుకోకుండా కొట్టు దిగి, సందు చివరిదాకా వచ్చి చూపించాడు. "అదిగో, ఆ నీలం తలుపు. జగన్నాధం ఆచారి గారు. ఆదివారాలు ఆడవాళ్ళకి వెండిపని నేర్పుతున్నారు. అడుగు, ఏమంటారో."

జగన్నాధం ఆచారి గారు పెద్ద పనివాడు. రెడీమేడు నగలొచ్చాక చేతినిండా పని లేక, కుంపటి ముందు ఊరికే కూర్చునేవారు. బ్యాంకులో పనిచేసే పద్మకుమారి ఒకసారి దుద్దులు బాగుచేయించుకోవడానికి వచ్చి, "మాస్టారూ, నా దుద్దులు నేనే చేసుకోవడం నేర్పుతారా?" అందట. సరదాగా మొదలైన ముచ్చట అది. తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురు చేరారు. ఇప్పుడు తవిటమ్మ.

మొదటి ఆదివారం తవిటమ్మ వీధికుళాయి దగ్గర చేతులు మోచేతులదాకా సబ్బుతో రుద్దుకుని వెళ్ళింది. అయినా గంప గంపే కదా. ఆచారి గారి భార్య నారాయణమ్మ నీచు తినని మనిషి. గంప చూడగానే పైటచెంగు ముక్కు దాకా వెళ్ళింది. తవిటమ్మ తలెత్తేసరికి చెంగు కిందకు దిగింది. "గంప పెరట్లో పెట్టుకో అమ్మా, నీడ ఉంటాది. పిల్లులు రాకుండా నేను చూస్తాను," అంది. అలా ఎన్ని ఆదివారాలు వచ్చినా గంప మీద గోనెసంచి ఒకటి కప్పి ఉండేది. ఎవరు కప్పారో ఎవరూ చెప్పలేదు.

"ఏటి చేద్దామని వచ్చేవమ్మా?" అడిగారు ఆచారి గారు.

తవిటమ్మ మొక్కు సంగతి చెప్పింది. ఆయన చిన్న సుత్తి ఒకటి తీసి ఆమె ముందు పెట్టారు. "ముందు సుత్తి పట్టడం రానీ," అన్నారు.

సుత్తి పట్టడం బాగానే వచ్చింది. రానిది మిగతాదంతా. రేకు కొడుతుంటే కాసేపు మెత్తగా సాగేది, కాసేపటికి కర్రలా బిగిసిపోయేది. ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్ళీ మెత్తబడేది. ఇనుమైతే వేడి మీదుండగా కొడతారు, ఇదేమో కాల్చి, చల్లార్చి, అప్పుడు కొట్టాలట. "సల్లారితే గట్టిపడాల గదా బాబూ?" "దీనికి వేరు." "ఎందుకు?" "ఎందుకంటే ఏం చెప్తాను? మా నాన్న అలాగే చెప్పేడు."

ఆకురాయి దగ్గర మరీ కష్టమైంది. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. తవిటమ్మ చెయ్యేమో ఊరుకోకుండా తనవైపు లాగేది. ఎన్నో ఏళ్ళుగా చేప పొలుసు తీసిన చెయ్యి అది. తోక పట్టుకుని గీరినట్టు రాగిరేకును గీరుతుంటే ఆచారి గారు కళ్ళద్దాల పైనుంచి చూసేవారు.

"తవిటమ్మా, అది చేప కాదు. ఎంత గీరినా పొలుసు రాదు."

"తెలుసు బాబూ. నాకు తెలుసు, నా సేతికి తెల్దు."

పద్మకుమారి పడీ పడీ నవ్వింది. నవ్వి, తన స్టూలు ఇటు జరుపుకుని, తవిటమ్మ మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, "తొయ్యక్కా... వదిలెయ్... తొయ్... వదిలెయ్," అని ఆ పూటంతా పక్కనే కూర్చుంది. ఆ రోజు తన దుద్దుల పని ముట్టుకోలేదు.

ఇంట్లో మాత్రం తవిటమ్మ ఏమీ చెప్పలేదు. వెండి చెయ్యి మొక్కుకున్నట్టు ఎర్రన్నకు తెలుసు. కొట్లో కొనుక్కొస్తుందనుకున్నాడు. ఆదివారాలు సరుకు అమ్మడానికే వెళ్తోందనుకున్నాడు. చెబితే, "ఈ సెయ్యికా? ఇదొక సెయ్యా?" అంటాడేమోనని ఆమె భయం. ఆ మాట తల్లి చెవిన పడితే మరింత భయం.

నాలుగు వారాలకు ఆచారి గారు ఒక రాగిరేకు ఇచ్చి, "ఇంక చెయ్యి గియ్యి, చూద్దాం. ముందు దీని మీద చెయ్యి, కుదిరితే వెండిలోకి వెళ్దాం," అన్నారు.

తవిటమ్మ దణ్ణం పెట్టుకుని, రేకు మీద చెయ్యి బోర్లించి, చుట్టూ గీత గీసింది. మొగవాడి చెయ్యి పెద్దది కదా అని గీతను చుట్టూ కొంచెం బయటికి జరిపింది. కత్తిరించింది. గోళ్ళు ఎక్కడెక్కడో గుర్తులు పెట్టింది. పట్టుకెళ్ళి ఆచారి గారి ముందు పెట్టింది. ఆమె కంటికి బ్రహ్మాండంగా ఉంది.

"అక్కా, మీ ఆయనకి దెబ్బ తగిలింది ఏ చెయ్యి?" అంది పద్మకుమారి.

"కుడి."

"ఇది ఎడమ చెయ్యి కదా."

తవిటమ్మ రాగి చెయ్యి వంక చూసింది. తన చేతుల వంక చూసింది. పద్మకుమారి తన చెయ్యి రేకు పక్కన పెట్టింది. మజ్జిగ గ్లాసులు తెచ్చిన నారాయణమ్మ కూడా పళ్ళెం దింపి తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది. కాసేపు ఆ వరండాలో అందరూ చేతులు ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంటూ ఉండిపోయారు.

"ఇదెలగొచ్చినాది?" అంది తవిటమ్మ.

"పెన్సిలు ఏ చేత్తో పట్టుకున్నావు?" అన్నారు ఆచారి గారు.

"కుడిసేత్తో."

"మరి రేకు మీద బోర్లించింది?"

తవిటమ్మ ఎడమచెయ్యి పైకెత్తి చూసుకుంది. గీసేది కుడిచెయ్యి అయితే గీయించుకునేది ఎడమచెయ్యే కదా! పోనీ అని పెన్సిలు ఎడంచేత్తో పట్టుకుంటే గీత పాము పాకినట్టు వచ్చింది.

"ఏం భయం లేదు. రేకు తిరగెయ్యి. అటువైపు గోళ్ళు పెట్టుకుంటే కుడిచెయ్యే అవుతాది. బొటనవేలు నీ ఎడమవైపు ఉండాలి, అది గుర్తుపెట్టుకో," అన్నారు ఆచారి గారు.

తవిటమ్మ అది మంత్రంలా వల్లించుకుంది. బొటనవేలు ఎడమవైపు. ఆటోలో వల్లించుకుంది. ఎండుచేపలు అమ్ముతూ వల్లించుకుంది.

ఆ మరుసటి ఆదివారం కాలి కడియం ఒకటి తీసి తెచ్చింది. తన తల్లి పెట్టిన జత, రెండోది కాలికే ఉంది. మూసలో కడియం ముక్కలు వేసి, ఆచారి గారు ఊదుగొట్టం ఆమెకే ఇచ్చారు. బుగ్గలు నొప్పెట్టేలా ఊదింది. ముక్కలు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి, ఉన్నట్టుండి అన్నీ కలిసి గుడ్డుసొనలా గుండ్రంగా నిలిచాయి. తవిటమ్మ చేతులు జోడించింది. అమ్మ ఇచ్చిన కడియం ఏమైనట్టు? ఉన్నట్టా, పోయినట్టా? అదీ తెలియలేదు.

కరిగిన వెండిని కడ్డీగా పోశాక, దాన్ని రేకుగా తీసేందుకు ఆచారి గారి దగ్గర చేత్తో తిప్పే మిషను ఉంది. తవిటమ్మ దాన్ని అనుమానంగా చూసింది.

"ఇందులో ఎడితే నా సేత్తో సేసినట్టేనా బాబూ? తల్లి ఒప్పుకుంటాదా?"

"పిడి తిప్పేది ఎవరు?"

"నానే."

"మరింకేం?"

తిప్పింది. తిప్పి తిప్పి చెమటలు కారాయి. తాటాకంత పలచగా వెండిరేకు వచ్చింది. రాగి చెయ్యిని దాని మీద పెట్టి గీసి కత్తిరించింది. ఇక మిగిలింది గోళ్ళు, వేళ్ళ కణుపులు. అవి పైకి ఉబ్బెత్తుగా రావాలి. అందుకు రేకును కరిగించిన లక్క మీద పరిచి, ఆరనిచ్చి, చిన్న ఉలితో మెల్లగా కొట్టాలి. "వెనకవైపునుంచి కొట్టాలి. వెనక కొడితే ముందుకు ఉబ్బుతాది," అని ఆచారి గారు చెప్పి, ఎవరో బేరం వస్తే వీధిలోకి వెళ్ళారు.

తవిటమ్మ రేకును లక్క మీద పెట్టింది. బొటనవేలు ఎడమవైపు ఉందా? ఉంది. రెండోసారి చూసింది. ఉంది. తృప్తిగా, తల్లిని తలుచుకుంటూ, ఒక్కో గోరూ కొట్టింది. ఆ పూట ఆమె చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. కొట్టడం అయ్యాక లక్క వేడిచేసి రేకు ఊడదీసి, చింతపండు నీళ్ళలో కడిగి, తిప్పి చూసుకుంది. అయిదు గోళ్ళూ బియ్యపు గింజల్లా మెరుస్తూ ఉబ్బి ఉన్నాయి. బొటనవేలు కుడివైపు ఉంది.

"పద్దమ్మా," అని పిలిచింది సన్నగా. "ఒకపాలి ఇలగ రా. ఇది ఏ సెయ్యో సూడు."

పద్మకుమారి చూసింది. తన ఎడమచెయ్యి తెచ్చి దాని పక్కన పెట్టింది. దాంతోనే తవిటమ్మకు తెలిసిపోయింది. మళ్ళీ ఎడమచెయ్యే.

ఆచారి గారు వచ్చి చూసి గడ్డం గోక్కున్నారు. "బొటనవేలు ఎడమవైపు పెట్టే కొట్టేవా?"

"మీరు సెప్పినట్టే, బాబూ!"

"అది ముందువైపు సంగతమ్మా. కొట్టేది వెనకనుంచి కదా. వెనకనుంచి చూస్తే బొటనవేలు కుడివైపు ఉండాలి."

"ఎడమ అంటే కుడా?"

"వెనకనుంచి చూస్తే."

"నాను ముందలున్నానా, ఎనకున్నానా?"

ఆచారి గారు రేకును ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూశారు. నారాయణమ్మ వచ్చి, "ఇటు తిప్పితే కుడిచెయ్యే కదండీ?" అని గోళ్ళు లోపలికి దిగిన వైపు చూపించింది.

"అప్పుడు గోళ్ళు గుంటలు పడి ఉంటాయి. పోనీ ఈ ఉబ్బినవైపే కుడి అరచెయ్యి అనుకుందామా అంటే, అరచేతిలో గోళ్ళు మొలిచినట్టు ఉంటాది," అన్నారు ఆచారి గారు.

అందరికీ నవ్వు వచ్చింది. తవిటమ్మకూ వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. సంబరం మంగళవారం కాక పై మంగళవారం. మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం.

నారాయణమ్మ ఆమె పక్కన కూర్చుంది. చేపల మనిషి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఆచారి గారు వెండి చేతిని గుమ్మం వెలుగులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. తిరిగొచ్చి అడిగారు.

"ఇది ఎవరి చెయ్యి తవిటమ్మా?"

"మా ఆయనదే, బాబూ."

"కాదు. ఇది నీ చెయ్యి. కొంచెం ఉబ్బింది, అంతే. ఎడమ కుడి అటుంచు. నువ్వు ఆయన చెయ్యి చూసి గియ్యలేదు. గాజు చెయ్యాలంటే చేతి కొలత అడుగుతాను, ఉంగరం చెయ్యాలంటే వేలి కొలత అడుగుతాను. నీకు మొక్కు ఉంది, ఆయన చెయ్యి అంత అని. ఆ చెయ్యి ఏదీ?"

తవిటమ్మ తల వంచుకుంది. "ఆయన సూపించడు బాబూ."

"పోనీ నా చెయ్యి పెడతాను, గీసుకో. కుడిచెయ్యే," అని ఆయన నిజంగానే చెయ్యి చాపారు. నిప్పు మరకలతో నల్లబడిన, మంచి పనివాడి చెయ్యి. వేళ్ళు తిన్నగా, పొడుగ్గా ఉన్నాయి.

తవిటమ్మ ఆ చేతికి దణ్ణం పెట్టింది. "మీ సెయ్యి సల్లగుండాల. గాని పరాయి సెయ్యి తీసుకెళ్ళి మా ఆయనదని తల్లి ముందలెలగ ఎడతాను?"

ఆచారి గారు చెయ్యి వెనక్కు తీసుకున్నారు.

కొంతసేపటికి ఆమే అడిగింది. అన్నాళ్ళుగా లోపల తిరుగుతున్న మాట అది. "వేళ్ళు తిన్నగా సెయ్యాలా, వంకరగా సెయ్యాలా బాబూ? తిన్నగా సేస్తే అబద్దం. ఆ తల్లికి తెల్దా ఏటి? వంకరగా సేస్తే, 'సూడు, నువ్విచ్చింది ఇదీ' అని మొకం మీద అన్నట్టుంటాది. నాకేటీ తోస్తన్నేదు."

"నాకూ తెలీదమ్మా," అన్నారు ఆచారి గారు. "నేను ఎన్ని జతల వెండి కళ్ళు చేసుంటాను! అన్నీ ఒకటే కళ్ళు. మెల్లకన్నుకీ అదే, పొరలు కమ్మిన కంటికీ అదే. ఎవరి కళ్ళు ఎలా ఉన్నాయో నేను ఎప్పుడూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు."

ఆయన వెండి చెయ్యిని మళ్ళీ మూసలో వెయ్యబోయి ఆగి, "నువ్వే వెయ్యి," అన్నారు. తవిటమ్మ వేసింది. తన చెయ్యే నిప్పులో పెట్టినట్టు అనిపించింది. పద్మకుమారి వెళ్ళేటప్పుడు బ్యాగులోంచి ఒక తెల్లటి దళసరి కాగితం తీసి, చుట్టచుట్టి, పెన్సిలుతో సహా తవిటమ్మ చేతిలో పెట్టింది. "ఆయన చెయ్యి దీని మీద గీసుకురా అక్కా. గోళ్ళున్న వైపు 'ముందు' అని రాసుకో. మిగతాది మేం చూసుకుంటాం."

ఇంటికి చేరాక ఆ కాగితం దూలం సందులో పెట్టింది. అడుగుదామనుకుంటూనే మూడు రోజులు పోయాయి. గురువారం మధ్యాహ్నం ఎర్రన్న చావట్లో కునుకు తీస్తున్నాడు. తువ్వాలు కొంచెం జారి ఉంది. తవిటమ్మ వలదారం ముక్క తీసుకుని పిల్లిలా వెళ్ళి, మణికట్టునుంచి మధ్యవేలి దాకా కొలుద్దామని దారం ఆనించింది. ఎర్రన్న ఉలిక్కిపడి లేచాడు.

"ఏటే అది? నానేటి వంజరం సేపనా కొలుస్తన్నావు?"

"ఏటీ నేదు మావా, దోమ..."

"దోమని దారంతో కట్టెత్తావేటి?" చెయ్యి తువ్వాల్లోకి పోయింది. మొహం గోడవైపు తిరిగింది. "నవ్వుకుందామనా? సూసుకో, ఎంత సిక్కిపోనాదో కొలుసుకో. ఊరందరికీ సెప్పు."

తవిటమ్మ గుమ్మం దగ్గర కూలబడింది. తనేం చేసింది? కట్టుకున్నవాడి చెయ్యిని దొంగతనంగా కొలవబోయింది. అడగకుండా. ఏనాడూ తల్లితో అబద్ధం ఆడనిది, ఈయనతో ఎన్ని ఆదివారాలనుంచి అబద్ధం ఆడుతోంది? ఆయన దాస్తున్నది చెయ్యి. తను దాస్తున్నది ఏమిటి? ఎవరు ఎవరినుంచి దాస్తున్నారో ఆమెకు ఒక్కసారిగా గందరగోళమైపోయింది. ఆ గందరగోళంలోనే, ముందూ వెనకా లేకుండా, మొత్తం చెప్పేసింది. ఆసుపత్రి చాప, తన చేతుల్తోనే చేస్తానన్న మొక్కు, నీలం తలుపు, పొలుసు తీసినట్టు గీరిన రాగి, కరిగిన కడియం.

ఎర్రన్న ఆమె కాళ్ళకేసి చూశాడు. ఒక కాలికే కడియం ఉంది. ఇన్నాళ్ళూ చూడనేలేదు.

"నువ్వు సేసినావా? ఎండిలో?"

"సేసినాను. ఎడంసెయ్యి వొచ్చినాది."

"ఏటీ?"

"రాగిలో ఎడంసెయ్యొచ్చినాది. తిరగేసి ఎండిలో సేస్తే అదీ ఎడంసెయ్యే. బొటనేలు ఎడంపక్కెట్టమన్నారు. ఎట్టినాను. ఎనకనుంచి కొట్టమన్నారు. కొట్టినాను. ముందలకి తిప్పితే మళ్ళీ ఎడంసెయ్యి. ఆ ఇంట్లో ఉన్నోళ్ళందరం సేతులు తిప్పుకుని సూసుకున్నాం మావా, పిచ్చోళ్ళనాగ. ఆచారిబాబు భార్య సేతులు కూడా!"

ఎర్రన్న భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని తవిటమ్మ హడలిపోయింది. కాదు. నవ్వుతున్నాడు. తుపాను తర్వాత అతని నవ్వు వినడం అదే మొదలు. నవ్వి నవ్వి దగ్గాడు. ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఓసి నీ ఇల్లు బంగారంగాను! ఎడంసెయ్యి ఇచ్చుంటే తల్లి ఏటనుకున్ను? బాగున్న సెయ్యికి మొక్కెందుకే అనును."

"అందుకే కరిగించీసినాను."

నవ్వు ఆగిపోయాక అతని మొహం మళ్ళీ ముడుచుకుంది. "తవిటీ, కొట్లో తిన్నటి సేతులుంటాయి గదా, అలాటిది సేసి ఇచ్చీ. ఈ గాలం ముల్లునాటి సెయ్యి ఎండిలో సేసి గుళ్ళో ఏలాడదీస్తే, వొచ్చినోళ్ళు పోయినోళ్ళు అందరూ సూడరా? నాకు సిగ్గు. తల్లికి మాత్రం సిగ్గు కాదా?"

"సిగ్గో కాదో నాకు తెల్దు మావా. నిజంగా తెల్దు. ఆచారిబాబుని అడిగితే ఆయనకీ తెల్దంట." తవిటమ్మ అతని దగ్గరగా జరిగింది. "నాకు ఒక్కటే తెలుసు. ఆ పొద్దు నాను అడిగింది నీ వేళ్ళు. ఎవల వేళ్ళో కాదు. తల్లి ఉంచినాది నీ వేళ్ళే. అయ్యి ఎలగున్నాయో అలగే సూపించాలని నా మనసుకి తోస్తన్నాది. గాని నాను సూడకుండా ఎలగ సేస్తాను? కట్లిప్పిన కాణ్ణుంచి నా మొగుడి సెయ్యి నానే సరిగ్గా సూడనేదు."

ఎర్రన్న మళ్ళీ గోడవైపు తిరిగాడు. తువ్వాలు కింద చెయ్యి మెదిలింది, ఆగింది.

తవిటమ్మ లేచి, దూలం సందులోంచి కాగితం తీసి, నేల మీద పరిచింది. చుట్టచుట్టి ఉన్న కాగితం మళ్ళీ మళ్ళీ ముడుచుకుపోతుంటే రెండు కొసల మీదా రెండు గవ్వలు పెట్టింది. పెన్సిలు కుడిచేత్తో పట్టుకుని, ఒకసారి తన చేతి వంక చూసుకుని, ఇది కుడే కదా అని నిర్ధారించుకుని, మొగుడి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు అంతగా సిగ్గుపడితే నాను కళ్ళు మూసుకుని గీస్తాను," అంది.

"కళ్ళు మూసుకుంటే మళ్ళీ ఎడంసెయ్యే వొస్తాది," అన్నాడు ఎర్రన్న, గోడవైపు తిరిగే.

"అయితే తెరిసే గీస్తాను." ఆమె కాగితాన్ని అతని మోకాలి దాకా జరిపింది. "ఇన్నేళ్ళలో నిన్ను ఏటీ అడగనేదు మావా. ఇయ్యాల నాకొక్క ఉపకారం సెయ్యి. ఆ తువ్వాలు తీసి, నీ సెయ్యి ఒకపాలి దీని మీద ఎట్టు. బోర్లించి ఎట్టాలి, గోళ్ళు పైకి. వేళ్ళు ఎంత వంగితే అంతే ఉంచు, తిన్నగా సెయ్యాలని సూడకు. బేగి గీసెత్తాను, నొప్పెట్టనియ్యను."